నాలుగో చిలక్కొయ్య

ఉదయగిరి నుంచి తిరిగి వచ్చిన మొదటి వారం మద్రాసులో నా గది భరించలేనంత రొదగా తోచింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళ పోట్లాట, పక్క గదిలో రేడియో, సందు చివర రిక్షావాళ్ళ కేకలు. అన్నీ ఎప్పుడూ ఉన్నవే. ఆ వారంలోనే నాలో ఒక కొత్త అలవాటు కనిపెట్టాను. ఎవరైనా మాట్లాడుతుంటే మాట వినడం మాని వాళ్ళ పెదవుల కేసి చూస్తున్నాను. హోటల్లో సర్వరు ఒకతను, "ఏంటి సార్, మొహానికి ఏమైనా అంటిందా?" అని తుడుచుకున్నాడు కూడా.

ఎందుకలా అయిందో చెప్పాలంటే ఆ ప్రయాణం మొత్తం చెప్పాలి.

నేను రేడియో ఇంజనీరింగు చదివాను. వినపడని పిల్లల బడి ఒకదానిలో వినికిడి యంత్రాలు బాగుచేస్తాను. టీచర్ని కాను, డాక్టర్ని అసలే కాను. ఉదయగిరి వెళ్ళవలసిన టీచరమ్మకు జ్వరం తగిలింది. పెట్టె మోయగలిగి తెలుగు మాట్లాడగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, మాఘమాసం చివర.

తీసుకువెళ్ళినవి: ట్యూనింగ్ ఫోర్కులు నాలుగు, ఈల ఒకటి, చిన్న డోలు ఒకటి, బొమ్మల అట్టలు ఇరవై నాలుగు, కొలత టేపు, రూళ్ళ నోటుబుక్కు, సుద్దముక్కలు, రెండు బ్యాటరీలతో పనిచేసే వినికిడి యంత్రం ఒకటి. బయలుదేరేముందు మా హెడ్‌మిస్ట్రెస్ ఆ పెట్టె మీద చెయ్యి వేసి, "దీన్ని ఆఖరున తెరువు. ముందు ఆ ఇంట్లో పిల్లతో ఎవరు మాట్లాడుతున్నారో, ఎంతసేపు మాట్లాడుతున్నారో చూడు. చెవి దారిన గాని, కంటి దారిన గాని చిన్నప్పుడే మాట లోపలికి వెళ్ళాలి. ఆలస్యమయ్యే కొద్దీ ఆ దారి ఇరుకైపోతుంది" అంది. ఇది కూడా నోటుబుక్కులో రాసుకున్నాను. దీని అవసరం ఎంత ఉండబోతోందో అప్పుడు తెలియదు.

ఆత్మకూరు

మాకు జాబు రాసింది ఆత్మకూరు బోర్డు స్కూల్లో పనిచేసే మాలకొండయ్య మాస్టారు. ఆయన చెల్లెలు రమణమ్మను ఉదయగిరిలో ఇచ్చారు. ఆమె కూతురు పెంచలమ్మకు నాలుగేళ్ళు నిండాయి, మాట రాలేదు.

బస్సు దిగి ముందు భోజనం చేశాను. ఆరణాలకు చెరువు చేపల పులుసు, అడిగినంత అన్నం. మా బాపట్ల వైపు పులుసులో ఇంత చింతపండు వేస్తే వండినవాళ్ళను చీవాట్లు పెడతారు. ఇక్కడ అదే గొప్ప. రెండోసారి అడిగి పోయించుకున్నాను.

మాస్టారి ఇంటి అరుగు మీద ఒక సన్నటి అమ్మాయి చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుంది. ఇరవై రెండో, ఇరవై మూడో ఉంటాయి. నన్ను చూసి లేచి నిలబడింది.

"మా చెల్లెలు రమణమ్మ. పిల్ల తల్లి" అన్నారు మాస్టారు.

"పిల్ల?"

"ఉదయగిరిలోనే ఉండాది. ఈమె మాత్రం ఈడ."

అప్పుడు సంగతి చెప్పారు. రమణమ్మ మామగారు తిరుపాలు చెక్క గరిటెలు చెక్కుతారు. పోయిన వేసవిలో సోదె చెప్పే మనిషి ఒకామె వాళ్ళ గడపలో కూర్చుని, ఇంట్లో మాటలు ఎక్కువైనందువల్లే పిల్ల మాట లోపల ఇరుక్కుపోయిందని చెప్పింది. పిల్ల నోటి నుంచి మొదటి మాట వచ్చేదాకా ఆ పిల్ల ఎదుట ఇంట్లోవాళ్ళెవరూ నోరు విప్పకూడదు. పెదవి కూడా కదలకూడదు. నోటికట్టు అని ఆమె దానికి పేరు పెట్టింది. తిరుపాలు ఊరి కొండ వైపు తిరిగి చెయ్యెత్తి మొక్కేశాడు.

"ఎన్నాళ్ళయింది?"

"తొమ్మిది నెలలు."

వినపడని పిల్లకు మిగిలిన దారి కళ్ళు. ఆ కళ్ళెదుట తొమ్మిది నెలలుగా ఒక్క పెదవీ కదలలేదు. ఇంకెన్నాళ్ళు కదలకుండా ఉంటుందో చెప్పేవాళ్ళు లేరు. ఎందుకంటే ఆ మొదటి మాట వచ్చే మార్గాన్నే వాళ్ళు మూసి కూర్చున్నారు.

"నేను రెండుసార్లు తప్పినా సార్" అంది రమణమ్మ. "ఒకసారి అది పొయ్యికాడికి పోతా ఉంటే, 'అమ్మే, కాల్తాది' అని అరిచినా. రెండోసారి ఏమీ లేదు. తెల్లారి కళ్ళు తెరిచి నన్ను జూసి నవ్వింది. పేరు పెట్టి పిలిచినా. అంతే."

"దానికే పంపేశారా?"

"మామ అరవలా, తిట్టలా. నా గరిటె దించి అటక మీద పెట్టినాడు. అంటే ఇంక ఆ ఇంట్లో నాకు కూడు లేదని." అక్కడ ఒక్కొక్కరికీ అంబలి తాగే గరిటె ఒకటి ఉంటుందట. దాని కాడ మీద ఎవరి గుర్తు వాళ్ళదే. తాతది చేప, అవ్వది ఆకు, భర్తది చక్రం, రమణమ్మది పిట్ట, పిల్లది పువ్వు. వాకిట్లో వరసగా ఐదు చిలక్కొయ్యలకు తగిలిస్తారు. "బిడ్డకి మాటొస్తే నేను పోవచ్చు. రాకుంటే లేదు."

నా నోటుబుక్కులో అంటించిన అచ్చు ఫారం ఉంది. కాన్పు వివరాలు, జ్వరాలు, చెవి చీము, అన్నీ అడిగి నింపాను. పిల్లకు ఎనిమిదో నెలలో పెద్ద జ్వరం. ఆఖరి గడి గుర్తింపు చిహ్నాలు. ఆమె కుడి ముంజేతి లోపలి వైపు పచ్చబొట్టు కనిపిస్తుంటే చూసి గీశాను. పైకి తెరిచిన నెలవంక, దాని మీద ఐదు చుక్కలు, చివరి చుక్క కొంచెం దూరంగా.

ఆమె తొంగిచూసి మొదటిసారి నవ్వింది. "నాది గాదు సార్, బిడ్డది గదా రాయాల్సింది!"

నిజమే. ఆ గడి పిల్లది. ఫారాలు నింపడంలో నేను చేసిన మొదటి తప్పు అదే. కొట్టేద్దామనుకుని, బొమ్మ శుభ్రంగా కుదిరిందని ఉంచేశాను.

"పడుకునేటప్పుడు ఈ చెయ్యే దానికి దిండు" అంది ఆమె, చెయ్యి వెనక్కి తీసుకుంటూ. "నేనొకదాన్ని ఉండానని దానికి గుర్తుంటాదా సార్?"

నా ఫారంలో ఆ ప్రశ్నకు గడి లేదు.

కలిగిరి దారిలో

మర్నాడు అనుమసముద్రంపేట మీదుగా పోయే బస్సెక్కాను. సగం మంది దర్గాకు వెళ్ళేవాళ్ళు. కొబ్బరికాయలు, కోళ్ళు, ఒళ్ళో నిద్రపోయే పిల్లలు. నా పక్కన కూర్చున్న ముసలామె వేరుశనగలు వలిచి నా చేతిలో పెట్టి, "ఎందాక నాయనా?" అంది.

"ఉదయగిరి. గరిటెల తిరుపాలు గారింటికి."

ఆమె చెయ్యి ఆగింది. ముందు సీట్లో ఇద్దరు వెనక్కి తిరిగారు. కండక్టరు టిక్కెట్టు చింపడం ఆపి, "ఆ నోటికట్టు ఇంటికా?" అన్నాడు.

"మా చెల్లెల్ని ఆ వీధిలోనే ఇచ్చినాం" అంది ముసలామె గొంతు తగ్గించి. "ఆ ఇంటి ముందర పోయేటప్పుడు మేం గూడా నోరు మూసుకోనే పోతాం. ముందు మొక్కుకని మూసుకున్నాం. ఇప్పుడు తెరవాలన్నా రాదు నాయనా. గొంతు పట్టేస్తాది."

వెనక నుంచి ఒకతను, "సార్, మా అత్తని ఒక నెల ఆ ఇంట్లో పెట్టుకుంటారేమో అడగండి" అన్నాడు. బస్సంతా గొల్లుమంది. అతని అత్త పక్కనే ఉందని, ఆమె అతని నెత్తిన ఒకటి ఇచ్చినప్పుడు తెలిసింది. ముసలామె మాత్రం నవ్వలేదు.

కలిగిరిలో బస్సు మారాలి. హోటల్లో దోసెలోకి ఊరుబిండి పచ్చడి వేశారు. ఆ కారానికి కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ పెట్టె తెరిచి చూశాను. కుదుపులకు పెద్ద బ్యాటరీ మైనం పగిలి లోపలి తీగ ఒకటి ఊడింది. ముడివేసి అతికించాను. పెట్టె మూతలో ఉండే చిన్న మీటరు పెడితే సగం బలమే చూపింది. మహా అయితే అరగంట పనిచేస్తుంది. హెడ్‌మిస్ట్రెస్ మాట గుర్తొచ్చింది. ఆఖరున తెరువు.

కొండ కింద

ఉదయగిరి కొండ బస్సులో ఉండగానే కనిపిస్తుంది. దగ్గరికి వెళ్ళిన కొద్దీ కోట గోడలేవో కొండరాళ్ళేవో విడదీయడం కష్టమవుతుంది. ఎండ మండుతోంది. ఊళ్ళో సందడిగానే ఉంది. గరిటెలవాళ్ళ వీధి మొదట్లో ఉలుల టకటకలు, ఎవరో ఎవరినో తిట్టడం, గొర్రెల మంద అదిలింపులు. వీధి మధ్యకు వచ్చేసరికి ఇవన్నీ ఒక్కొక్కటిగా తగ్గిపోయాయి. ఆ ముక్కలో అరుగుల మీద మనుషులు ఉన్నారు, పని చేసుకుంటున్నారు. మాట మాత్రం లేదు. నా చెప్పుల చప్పుడు నాకే మొరటుగా వినిపించి నడక తగ్గించాను.

మలుపు తిరగగానే ఆ ఇల్లు. గడప మీద ఒక చిన్నపిల్ల, పక్కన కట్టేసిన మేక. నేను తిరిగేసరికే ఆ పిల్ల సరిగ్గా నేను రాబోయే చోటికి కళ్ళు పెట్టి చూస్తోంది. ఎప్పటి నుంచో ఎదురుచూస్తున్నట్టు.

లోపల చెట్టు మొద్దు ముందు కూర్చున్న ముసలాయన తిరుపాలు. కర్రపొట్టు చాటలోకి ఎత్తుతున్నది అవ్వ. రంపం పట్టుకున్నవాడు కొడుకు నరసయ్య, రమణమ్మ భర్త. నేను చేతులు జోడించి, "నమస్కారమండీ, మద్రాసు నుంచి వచ్చాను" అన్నాను.

ముగ్గురూ ఒక్కసారిగా లేచి వెనక్కి తిరిగి గోడకు మొహం పెట్టి నిలబడ్డారు.

అలా మూడు వీపుల ముందు ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. గడియారం చూసుకోవడం మరిచిపోయిన సందర్భాలు నా జీవితంలో తక్కువ. పిల్ల మాత్రం నా మొహం కేసి చూస్తోంది. లేచి వచ్చి, వంగమన్నట్టు చొక్కా లాగింది. వంగాను. చూపుడువేలు నా కింది పెదవి మీద పెట్టి మెల్లగా నొక్కింది. అది ఎందుకు కదిలిందో తెలుసుకోవాలనుకున్నట్టు.

నరసయ్య నా మోచెయ్యి పట్టుకుని పెరటి గోడ అవతలికి తీసుకుపోయాడు. వాళ్ళు మాట్లాడే చోటు అదే. అక్కడ కూడా గొంతులు పూర్తిగా తెరవరు. వాడకం తగ్గిన గొంతుల జీర అది.

"తప్పుగా అనుకోబాకండి సార్" అన్నాడు. "మొక్కు."

"పాపకు చెవి వినపడకపోతే మాట ఎలా వస్తుందండీ?"

తిరుపాలు వచ్చి నిలబడ్డాడు. "చెవికేం? బాగనే ఉండాది. మీరొస్తా ఉండారని మాకన్నా ముందు దానికి తెలిసింది. జూసినారు గదా. ఎవురొచ్చినా అంతే. వాన రాబోయేది గూడా ముందే తెలస్తాది. మాటొకటే ఇరుక్కోని ఉండాది."

"అది చెవితో తెలుసుకునేది గాదులే" అంది అవ్వ. కొండ వైపు చూసి చూపు దించుకుంది. "చెప్పు అబ్బాయా. సార్‌కి చెప్పు. చదువుకున్నాయన."

నరసయ్య తల పక్కకి తిప్పుకున్నాడు. అవ్వే చెప్పింది. కోడల్ని పంపాక ఆమె చిలక్కొయ్య ఖాళీగా ఉంది. రెండో నెలలో ఒక మధ్యాహ్నం దానికి ఒక గరిటె వేలాడుతోంది. ఈ ఇంట్లో ఎవరూ చెక్కింది కాదు. పారేసిన వంకర కాడ, దాని మీద ఏదో గీత, గాట్లు. ఎవరి గుర్తూ కాదు. తీసి పొయ్యిలో పెట్టారు. పది రోజులకు మళ్ళీ అదే చోట ఇంకొకటి. అవే గాట్లు.

"ఆరయినాయి" అంది అవ్వ. "ఆరూ పట్టపగలే. ముగ్గురం ఇంట్లో ఉండగానే. నా కోడలి కూటికాడికి ఎవురో వస్తా ఉండారు నాయనా. నా కోడలు ఆడ బాగుండాదా?"

"బాగుంది. చింతపండు పిక్కలు తీస్తోంది."

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు చప్పుడు కూడా వాళ్ళు మింగడం నేర్చుకున్నారు.

ఆ పూట అక్కడే తిన్నాను. సజ్జ సంగటి, చింతచిగురు పప్పు, తర్వాత పలచటి అంబలి. మా ఇంట్లో నలుగురు అన్నదమ్ములం కూర్చుంటే ఉప్పు అడగాలన్నా అరవాలి. ఇక్కడ ఒకరికి ఏం కావాలో ఇంకొకరు కళ్ళతో చూసి వడ్డిస్తారు. వినిపించేది గుటకలు మాత్రమే. తలుపు పక్కన ఐదు చిలక్కొయ్యలు. చేప, ఆకు, చక్రం, ఖాళీ, పువ్వు. నాకు తెలియకుండానే ఆ ఖాళీ కొయ్య వైపు వీపు పెట్టకుండా జరిగి కూర్చున్నాను.

మేక చెవులు

మర్నాడు ఉదయం పరీక్ష మొదలుపెట్టాను. పిల్లను గడప మీద కూర్చోబెట్టి, వెనకగా ఆరడుగుల దూరంలో డోలు కొట్టాను. వెంటనే తిరిగింది. 'వింటోంది' అని రాశాను. రెండోసారి తిరిగింది. మూడోసారి డోలు మీదికి చెయ్యి ఎత్తి, కొట్టకుండా ఆగాను.

తిరిగింది.

తిరుపాలు నా వైపు చూసిన చూపులో 'చెప్పినా గదా' అని ఉంది. ఇంకోసారి చేశాను. చప్పుడు లేదు, నీడ వెనక్కి పడుతోంది, గాలి లేదు. పిల్ల తిరిగి నా చేతికేసి చూసింది. నోటుబుక్కు మూసి బయటికి వచ్చి కాసేపు ఎండలో నిలబడ్డాను. చదువుకున్న చదువు అంతా పెట్టెలో ఉన్నట్టు, నేను పెట్టె బయట ఉన్నట్టు అనిపించింది.

అలా నిలబడి ఉండగా మేకను చూశాను. అది నన్నే చూస్తోంది. నేను చెయ్యి కదిపితే దాని చెవులు రెండూ నా వైపు నిక్కాయి. పిల్ల ఆ చెవుల్నే చూస్తోంది.

మేకను విప్పి పెరట్లో కట్టాను. పిల్లను దుప్పటి మడత మీద కూర్చోబెట్టి మళ్ళీ మొదలుపెట్టాను. ఈల: తిరగలేదు. డోలు: తిరగలేదు. గట్టిగా కొట్టాను, ఎదురింటివాళ్ళు బయటికి వచ్చారు, పిల్ల తిరగలేదు. తిరుపాలు చేతిలో ఉలి అలాగే ఆగిపోయింది. పెద్ద ఫోర్కు మోగించి కుడి చెవి వెనక ఎముకకు ఆనించినప్పుడు మాత్రం కళ్ళు పెద్దవి చేసింది. ఎడమ వైపు ఏమీ లేదు.

యంత్రం తెరిచాను. కుడి చెవికి బిళ్ళ పెట్టి పెట్టెలోకి, "పెంచలమ్మా" అన్నాను. పిల్ల బిగుసుకుపోయింది. పెట్టె మీద చెయ్యి వేసింది, నా నోరు చూసింది. ఇంకోసారి అన్నాను. నవ్వింది.

కొంచెం మిగిలి ఉంది. కుడి చెవిలో, దగ్గరగా, లావు గొంతైతే. నేను పెట్టె పట్టుకుని అవ్వ దగ్గరికి పరుగెత్తాను. "మీరు అనండవ్వా. ఒక్కసారి. మీ గొంతు దానికి అందుతుంది." అవ్వ ముసలాయన కేసి చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. అవ్వ రెండు చేతులతో నోరు మూసుకుంది. నరసయ్య దగ్గరికి వెళ్ళాను. గోడకు తిరిగాడు.

నేనే ఆ పిల్ల పేరు పిలుస్తూ కూర్చున్నాను. ఇరవై రెండు నిమిషాలకు బ్యాటరీ చచ్చిపోయింది. పిల్ల చెవిబిళ్ళ తీసి చూసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసి, నా పెదవుల మీద వేలు పెట్టింది.

పెరటి గోడ వెనక తిరుపాలుతో వాదించాను. చెవి సగం లేదని, ఉన్న సగానికి మాట పొయ్యాలని, కళ్ళకు పెదవులు చూపించాలని చెప్పాను.

"మీరు చెప్పేది నిజమే గావచ్చయ్యా" అన్నాడు. "మేక సంగతి నేను కనిపెట్టలేకపోతిని. ఒప్పుకుంటా. కానీ చెయ్యెత్తి మొక్కినా. మొదటి మాట వస్తేనే కట్టు విప్పుతానన్నా. నా కోడల్ని పంపినోణ్ణి, నేనే తప్పితే ఆ కోడలికి ఏం మొహం జూపీను?"

ఆయన మొండివాడు కాదు. అదే కష్టం. మాట మీద నిలబడే మనిషి.

చిలక్కొయ్య

మూడో రోజు మధ్యాహ్నం బస్సు. చివరిసారి పిల్లకు బొమ్మల అట్టలు చూపించి, తర్వాత పెద్దవాళ్ళతో మాట్లాడడానికి పెరట్లోకి వెళ్ళాను. వెళ్ళేటప్పుడు నాలుగో కొయ్య ఖాళీ. నేనే చూశాను. చూడడం అలవాటైంది. పదిహేను నిమిషాల్లో తిరిగి వచ్చాను.

గరిటె వేలాడుతోంది.

ఇంకా కొద్దిగా ఊగుతోంది.

ఇంట్లో పిల్ల తప్ప ఎవరూ లేరు. ఆమె తన మామూలు చోట, గడప మీద, వీధికేసి చూస్తూ కూర్చుంది. నా వెనక వచ్చిన అవ్వ గుమ్మంలోనే చతికిలబడింది. నరసయ్య దాన్ని తీసి పొయ్యి వైపు నడిచాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. పెట్టాను గాని, దాన్ని ముట్టుకోవడానికి నా వేళ్ళు ఒప్పుకోవడానికి కొంత సమయం పట్టింది.

భయం వేసినప్పుడు నేను కొలుస్తాను. నేల నుంచి చిలక్కొయ్య ఎత్తు నాలుగడుగుల రెండంగుళాలు. పిల్లను గోడకు నిలబెట్టి చెయ్యి ఎత్తించి కొలిచాను. మూడడుగుల పదంగుళాలు. నాలుగంగుళాలు తక్కువ.

"అది దానికి అందదు సార్" అన్నాడు నరసయ్య గుసగుసగా, పిల్లకు వీపు తిప్పి. "మేమూ అదే అనుకోని జూసినాం."

తిరుపాలు చెక్కే మొద్దు ఎత్తు తొమ్మిదంగుళాలు. అది గోడకు జానెడు దూరంలో ఉంది. నిన్న రెండు మూరల దూరంలో ఉండేది. దాని మీద సన్నటి కర్రపొట్టు. పొట్టులో రెండు అడుగుల అచ్చులు, ఒక్కొక్కటి నా అరచేతిలో పట్టేంత.

ముగ్గురూ వంగి ఆ అచ్చుల్ని చూశారు. తొమ్మిది నెలలుగా వాళ్ళు చెయ్యని పని ఒకటే. పెదవి కదులుతుందేమోనన్న భయంతో మాటిమాటికీ పిల్లకు వీపు తిప్పారు, పెరట్లోకి వెళ్ళారు. తిప్పిన ప్రతిసారీ వెనక ఆ పిల్ల ఏం చేస్తోందో చూడలేదు.

గరిటె వెలుతురులోకి తెచ్చాను. కాడ మీద మేకుతో గీకిన గాట్లు. కిందికి తెరిచిన వంపు ఒకటి. దాని కింద వరసగా ఐదు గుంటలు, మొదటిది కొంచెం దూరంగా. ఎక్కడో చూశాను. నోటుబుక్కు తీశాను. నేను పొరపాటుగా నింపిన గడి. నోటుబుక్కు తలకిందులుగా తిప్పాను.

తల్లి చేతి మీద తలపెట్టి పడుకున్న పిల్లకు ఆ పచ్చబొట్టు అలాగే కనిపిస్తుంది.

బొమ్మను, గరిటెను పక్కపక్కన పెట్టి తిరుపాలుకు చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. నరసయ్య ముందు గుర్తుపట్టాడు. నోట్లోంచి ఏదో శబ్దం వచ్చి, నోరు మూసుకున్నాడు.

"ఇదేంది?" అన్నాడు ముసలాయన. పెరటి గోడ అవతల కాదు. ఇంట్లోనే, చాలా చిన్నగా.

"వాళ్ళమ్మ తాతా. ఎవరి గరిటె ఉంటే వాళ్ళు కూటికి వస్తారు. ఇది పాపకు మీరే నేర్పారు. అమ్మది లేదు. మీరు పిట్ట చెక్కితే పిట్ట అయింది. పాప తనకు తెలిసిన అమ్మను చెక్కింది. ఎదుట లేని మనిషిని రమ్మని పిలవడం. ఇది మాట కాకపోతే, మాట అంటే ఏమిటో నాకు తెలియదు."

"నోటితో రాలేదే."

"మీరు నోరు చూపించలేదు. చేతులు చూపించారు. అందులోంచే వచ్చింది. మీరు ఆరు మాటలు పొయ్యిలో పెట్టారు తాతా. ఇది ఏడోది."

ఆ చివరి వాక్యం అనకుండా ఉండవలసిందేమో. ఆయన మొహం చూశాక అనిపించింది. కానీ అన్నాను.

ఆయన మొద్దు మీద కూర్చున్నాడు. గరిటెను తిప్పి తిప్పి చూశాడు. బొటనవేలితో గాట్లు తడిమాడు. తర్వాత పిల్ల భుజం పట్టి తన వైపు తిప్పుకుని, తన మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, మొహం ఎదురుగా మొహం పెట్టాడు. పెదవులు రెండుసార్లు తెరుచుకుని మూసుకున్నాయి. మూడోసారి గొంతు వచ్చింది.

"పొరకి అడ్డంగా కోయగూడదు తల్లీ" అన్నాడు. "చీలిపోతాది."

పిల్ల ఆయన నోటి కేసి చూస్తూ ఉండిపోయింది. తర్వాత వేలు పెట్టింది, నాకు పెట్టినట్టే. ఆయన దాన్ని తీసెయ్యలేదు. వేలి కింద పెదవులు కదుపుతూ, గరిటెను మొహం పక్కన పెట్టుకుని, "అమ్మ" అన్నాడు. "అమ్మ. మీ అమ్మ. అమ్మ." అవ్వ అప్పటికి పైకి ఏడుస్తోంది. చప్పుడుతో. ఎదురింటి అరుగు మీద ఎవరో, "ఏందే, ఏమైంది?" అని అరిచారు. ఆ వీధి మధ్యలో నేను విన్న మొదటి కేక అది.

మధ్యాహ్నం బస్సు వెళ్ళిపోయింది. సాయంకాలం బస్సుదాకా ఉన్నాను. తిరుపాలు నన్ను, "ఆ మాటని మీ రాతలో ఎట్ట రాస్తారు?" అని అడిగాడు. ఆయనకు అక్షరాలు రావు. సుద్దతో మొద్దు మీద 'అమ్మ' అని రాశాను. చూసి, పిల్ల గాట్ల కింద పొర వెంబడి రెండు అక్షరాలూ చెక్కాడు. అచ్చుగుద్దినట్టు వచ్చాయి. ఒత్తు మాత్రం నా కంటే అందంగా ఉంది. మిగతా నాలుగు గరిటెలకూ పేర్లు రాయించుకున్నాడు.

నేను రాసిచ్చినవి: కుడి వైపు కూర్చోవాలి. వెలుతురు మాట్లాడేవాళ్ళ మొహం మీద పడాలి. వస్తువు చూపించి మాట అనాలి, అని చేత్తో కూడా చూపించాలి. రోజంతా. ఎన్నిసార్లని లెక్క లేదు. ఎండాకాలం సెలవుల తర్వాత తల్లితో సహా మద్రాసు రావాలి.

నరసయ్య చదివి, "ఇంతేనా? దీనికి మిషను అక్కర్లేదా?" అన్నాడు.

"మంచి బ్యాటరీతో అది కూడా వస్తుంది. ఇది ముందు."

మళ్ళీ ఆత్మకూరు

నరసయ్య నాతో బయలుదేరాడు. చొక్కా లోపల గరిటె. కలిగిరిలో తెల్లవారింది. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. వాన సంగతి, మేక సంగతి, కర్ర ధర, పెళ్ళిలో బావగారు చేసిన రభస. ఆపితే మళ్ళీ రాదేమో అన్నట్టు. అనుమసముద్రంపేట దగ్గరికి వచ్చేసరికి గొంతు పూర్తిగా పోయింది. నవ్వుకుని సైగలు మొదలుపెట్టాడు.

ఇందులో నాకు తెగని సంగతి ఒకటి ఉంది. గరిటె తగిలించిన ఆ పదిహేను నిమిషాలు మేక పెరట్లోనే ఉంది, మా పక్కనే. గడప దగ్గర దాని చెవులు లేవు. మేము తిరిగి వస్తున్నామని పిల్లకు ఎలా తెలిసి, సమయానికి వచ్చి గడప మీద కూర్చుంది? దీనికి నా దగ్గర కొలత లేదు. రాసి ఉంచాను.

మాస్టారి ఇంటి అరుగు మీద రమణమ్మ మమ్మల్ని చూసి లేచింది. భర్త నోరు తెరిచి ఏదో అనబోయాడు, గొంతు రాలేదు. ఆమె మొహం తెల్లబోయింది. మొక్కు ఇక్కడిదాకా వచ్చిందనుకుందేమో. నేను చెబుదామనుకునేలోగా అతను చొక్కాలోంచి గరిటె తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె ఒక్క క్షణం చూసింది. దాన్ని తలకిందులు చేసింది. కుడి ముంజేతికి ఆనించి, చుక్క పక్కన చుక్క పెట్టి చూసుకుంది.

"అన్నా" అని లోపలికి కేకేసింది. "బస్సు ఎన్ని గంటలకి?"